అరకాను దారి

ఈ ఉదయము విశాఖలో కంచరపాలెము మీదుగా బస్సులో పోవుచు, ఫోనులో బంగ్లాదేశమందలి కాక్స్ బజారు రోహింగ్యా శరణార్థి శిబిరముల ఛాయాచిత్రములు చూచుచుండగా, కండక్టరు “బర్మా క్యాంపు” అని కేకవైచెను.

ఆ పేరు వినగానే మనస్సు ఒక్కసారిగా కలతపడినది.

బర్మాలో రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను చెమటోడ్చిన మన తెలుగువారిలో ఎందఱో, 1942లో జపాను బాంబులకు వెఱచి, పసిబిడ్డలను భుజములకెత్తుకొని, అరకాను కొండలు దాటి చిట్టగాంగు దిక్కుగా నడచిరి. కలరాకు, ఆకలికి త్రోవలోనే బలియైన వారికి లెక్కలేదు. 1962లో అచట సేనాని నేవిన్ సైనికపాలన వచ్చిన పిదప, మిగిలినవారిలో అనేకులు ఉన్నదంతయు విడిచి ఓడలెక్కి యిటు చేరిరి.

ఆ అరకానే నేటి రఖైను!

1982 నాటి బర్మా చట్టముచే పౌరసత్వమునకు దూరమైన అచటి రోహింగ్యాలు, 2017 ఆగస్టు మొదలుకొని, తమ యూళ్లు తగులబడుచుండగా, 7 లక్షలకు పైగా ఆ చిట్టగాంగు దిక్కునకే పరుగెత్తిరి. ప్రపంచమున నిట్లు నెలవు దప్పినవారు 2024 చివరకు 12 కోట్లు దాటిరని ఐక్యరాజ్యసమితి లెక్క. అంత పెద్ద సంఖ్య నా బుద్ధికి అందదు గాని, ఆ ఛాయాచిత్రములలో టార్పాలిను క్రింద బిడ్డకు తల దువ్వుచున్న ఆ తల్లి మాత్రము కన్నుల యెదుటనుండి కదలకున్నది.

మీ యిండ్లలో బర్మానుండి నడచివచ్చిన పెద్దలు చెప్పిన ముచ్చటలున్న వ్రాయుడు. హైదరాబాదు బాలాపూరులోని రోహింగ్యా కుటుంబములతో పరిచయమున్నవారును వ్రాయుడు, వారికిప్పుడు ఏమి కావలెనో.