‘పదేళ్ళు గడిచినవి’

మన నవలల్లో ప్రకరణం మొదట తరచు కనిపించే వాక్యం, ‘పదేళ్ళు గడిచినవి’ అన్నది. ‘కాలచక్రం గిర్రున తిరిగింది’ అన్నది దానికి అన్న వరస. రచయితకు ఆ వాక్యం అవసరమే, కాదనను. ప్రతి దినమూ చెప్పుకుంటూ పోతే నవల తెమలదు; చదివేవాడికి ఓపికా చాలదు. ఐతే ఆ పదేళ్ళు ఎవరికి, ఎట్లా గడిచినవి? దొరకు గడిచిన పదేళ్ళల్లో వడ్డీ పెరుగుతుంది. అదే పదేళ్ళల్లో వెట్టివాడి కొడుకు వెట్టి చెయ్యటానికి ఎదుగుతాడు. రచయిత ఏ కాలాన్ని దాటవేశాడో చూస్తే ఎవరి పక్కన నిలబడి కథ చెపుతున్నాడో తెలిసిపోతుందని నా అభిప్రాయం.

జనగామలో విద్యార్థులకు నవల పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద రెండు తేదీలు రాస్తాను: 1948 సెప్టెంబరు 17, 1951 అక్టోబరు 21. మొదటిది నిజాం లొంగిపోయిన రోజు. రెండవది కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించిన రోజు. నడుమ మూడేళ్ళ పైచిలుకు. చాలా కథల్లో ఈ మూడేళ్ళు లేవు. యూనియన్ సైన్యాలు వస్తవి, జెండా ఎగురుతుంది, పుట తిప్పేసరికి 1952 ఎన్నికలు! పారిపోయిన దొరలు పల్లెలకు తిరిగి వచ్చిందీ, రైతులు పంచుకున్న భూములు చెయ్యి జారిందీ, దళాలు అడవి పట్టిందీ ఆ మూడేళ్ళల్లోనే. 1946 జూలై 4న మా దగ్గరి కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటినుంచి లెక్క పెట్టండి. పోరాట కాలంలో సగానికి మించినది ఈ దాటవేసిన భాగమే. దీన్ని శిల్పం కోసం చేసిన కుదింపు అనటానికి నాకు మనసొప్పదు.

ఈ కాలాన్ని నవలల్లోకి ఎక్కించటానికి పూనుకున్నవారిలో వట్టికోట ఆళ్వారుస్వామి ముందువరసలో వున్నారు. ‘ప్రజల మనిషి’ తర్వాత ‘గంగు’ చేపట్టి, అది పుస్తకంగా రాకముందే 1961లో కన్నుమూశారు. మానుకోట ప్రాంతపు చినగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య ఆ బరువు తలకెత్తుకున్నారు. ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ వరుసగా పోరాటానికి ముందటి తెలంగాణను, పోరాట కాలపు తెలంగాణను, ఆ తర్వాతి తెలంగాణను పట్టుకున్నవి. మూడింటిలో ‘చిల్లర దేవుళ్ళు’ నాకు ఎక్కువ ఇష్టం. అందులో కాలం చెరువులో నిలవనీరు వలె కదలక పడివుంటుంది. బతుకుతెరువు వెతుక్కుంటూ బయటినుంచి వచ్చిన సంగీతగాడి కళ్ళతో చూచినప్పుడు గాని అది కదలటం లేదన్న సంగతి పాఠకుడికి తట్టదు. కదలని కాలాన్ని చూపటం, పదేళ్ళు గడిపెయ్యటం కన్న ఎంతో కష్టం.

ఆ రోజుల్లో సంవత్సరం లెక్క కూడా సర్కారుదే. పత్రాల మీద ఫసలీ వుండేది. 1949లో వచ్చిన జాగీర్ల రద్దు శాసనం సైతం 1358 ఫసలీ పేరనే నిలిచింది. మా వైపు ముసలివాళ్ళు మాత్రం ఫసలీ చెప్పేవారు కాదు, క్రీస్తుశకమూ చెప్పేవారు కాదు. ‘రజాకార్ల జమానాల’ అనేవారు, ‘సంగం పెట్టినంక’ అనేవారు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చూడండి. అది నవల కాదు, పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పుకున్న మాటలు. అడవిలో బిడ్డను కని, దళం క్షేమం కోసం ఆ బిడ్డనే వదులుకున్న తల్లికి 1948, 1951 అన్న అంకెలతో పని ఏమిటి? ఆమె కాలం ఆ బిడ్డ వయస్సుతోనే లెక్క. మన నవలాకారులు తేదీలను పట్టుకున్నంత గట్టిగా ఈ లెక్కను పట్టుకోలేదు. షోలహోవ్ డాన్ నవలలో యుద్ధం, విప్లవం, అంతర్యుద్ధం నడుస్తుండగానే గడ్డికోత వస్తుంది, మంచు కరుగుతుంది; రెండు లెక్కలూ ఒకేసారి వినిపిస్తవి.

పల్లె నవలకు నాట్లూ కోతలూ వున్నవి గనుక కాలం చెప్పటం కొంత తేలిక. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్‌లతోపాటు జిల్లా అయిన భూపాలపల్లి సంగతి వేరు. అక్కడ బొగ్గుగనులు వచ్చినవి. వానకారు, యాసంగి అని లెక్కపెట్టిన ఇండ్లల్లోనే ఒక తరం తిరగకుండా మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు అన్న లెక్క మొదలైంది. సింగరేణి బతుకును అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలకు ఎక్కించకపోలేదు. కాని ఈ లెక్క మారటమే వస్తువుగా పెద్ద నవల నా కంటపడలేదు. అటునుంచి వచ్చిన విద్యార్థి ఒకడు నన్నడిగాడు: ‘మా నాయిన కథల పొద్దెప్పుడు పొడుస్తది సార్?’ రాత్రంతా భూమి అడుగున వుండి, పగలు కిటికీకి దుప్పటి కట్టి పడుకునే మనిషి కథలో ‘తెల్లవారింది’ అన్న మాటకు అర్థమేమిటి మరి?

ఆ పిల్లవాడు తర్వాత ఒక కథ రాసి తెచ్చాడు. తండ్రి బాయిపనిలో చేరిననాడు మొదలవుతుంది. రెండవ పుటలోనే ‘ఇరవై ఏళ్ళు గడిచినవి’ అని వున్నది. ఆ వాక్యం కింద గీత గీసి, ఆ ఇరవై ఏళ్ళూ వాళ్ళమ్మ ఏ షిఫ్టుకు ఎన్ని గంటలకు లేచి పొయ్యి ముట్టించేదో అడిగి రమ్మన్నాను.