ఇద్దరికీ ఒకటే తిట్టు

2016లో మినియాపొలిస్‌లోని సీడర్-రివర్‌సైడ్ పేటలో కొన్ని నెలలున్నాను. 1991లో సియాద్ బర్రె ప్రభుత్వం కూలిపోయాక చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిన సోమాలీలు చాలామంది అక్కడ స్థిరపడ్డారు.

పక్క ఫ్లాటు పెద్దాయన ఇంట్లో మఅవీస్ కట్టేవారు. అచ్చం మన గళ్ళ లుంగీ. గడ్డానికి గోరింటాకు (మన పాతబస్తీలో చూసిందే). పదిహేడేళ్ళ కొడుకుదేమో కాళ్ళకి అతుక్కుపోయే జీన్సు, చెవికి పోగు.

ఒకరోజు వరండాలో ఇద్దరూ కేకలేసుకున్నారు. ఏమన్నారో తర్వాత కూతురు చెప్పింది. "ఆడదానిలా ఆ బట్టలేమిటి?" అన్నారట తండ్రి. "నువ్వు కట్టినదాన్ని ఇక్కడ స్కర్టంటారు" అన్నాడట కొడుకు. ఇద్దరికీ దొరికిన తిట్టు ఒకటే! మగతనాల మీద నేను చదివిన థియరీ అంతా ఆ పిల్ల నవ్వుతూ రెండు వాక్యాల్లో చెప్పేసింది.

ఉత్త నవ్వులాటేం కాదు. చెయ్యి దాటిపోయారనుకున్న పిల్లల్ని బాగుచెయ్యడానికి సోమాలియాకో కెన్యాకో పంపెయ్యడాన్ని 'డకన్ ఎలిస్' అంటారు. సంస్కృతిలోకి తిరిగి చేర్చడమన్నమాట. ఆ మాటెత్తితే కుర్రాడు నోరు మూసుకునేవాడు.

చెల్లెలి హిజాబ్ దగ్గర మాత్రం తండ్రీకొడుకులకి ఏ పేచీ లేదు. ఆ అమ్మాయి ఇష్టపడే వేసుకుంటోంది, కాదనడానికి నేనెవర్ని? కానీ ఓ మధ్యాహ్నం వాళ్ళమ్మ నాకో ఫోటో చూపించారు. 1988, మొగదిషు. ఆవిడ గుంటీనో కట్టుకుని ఉన్నారు. చీరలా చుట్టి ఒక భుజం మీద ముడి, రెండో భుజం మీద ఏమీ లేదు, తలమీద ముసుగూ లేదు. పిల్లలకి చూపించారా అనడిగాను.

ఫోటోని మళ్ళీ బట్టల అడుగున పెట్టేసి, టీ పెట్టనా అన్నారు.