డబ్బా పోయింది, పాటలు మిగిలాయి



పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. ఊళ్ళో పాటలు, కథలు, పట్టా కాగితాలు ఫోన్లో దాచుకుంటున్న వాళ్ళందరికీ పనికొస్తుందని రాస్తున్నాం.

మా హాస్టల్లో ఆరుగురం కలిసి రెండేళ్ళుగా ఒక పని చేస్తున్నాం. సెలవులకి ఊరెళ్ళినప్పుడల్లా అవ్వలు పాడే పాటలు, తాతలు చెప్పే కథలు ఫోన్లో రికార్డు చేసి తెస్తాం. కువి, కొండ, ఆదివాసీ ఒడియా, మూడు భాషలవీ ఉన్నాయి. కొండ భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లోనే పుస్తకం వేశారు. వ్యాకరణం అందులో దొరుకుతుంది, అవ్వ గొంతు మాత్రం దొరకదు కదా. పాటలతో పాటు 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరివాళ్ళకి వచ్చిన పట్టాలు కూడా స్కాన్ చేసి పెట్టాం. ఆ కాగితం తడిసిపోతే, చెదలు తినేస్తే మళ్ళీ తెచ్చుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

ఫోన్లు నిండిపోయాయి. చందాలేసుకుని సెకండ్ హ్యాండ్లో ఒక నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బా కొన్నాం. లోపల రెండు హార్డ్ డిస్కులు, ఒక్కోటి 2 టీబీ. వైఫై ఉంటే ఎవరి ఫోన్లోంచైనా అందులో దాచుకోవచ్చు. ఒక డిస్కులో రాసిందే రెండో దాంట్లోనూ రాస్తుంది. దీన్ని రెయిడ్ 1 అంటారు. చౌక డిస్కుల్ని ఇలా కలిపి వాడొచ్చని 1988లో అమెరికాలో బర్క్లీ యూనివర్సిటీ వాళ్ళు పేపర్ రాశారు. ఒక డిస్కు చచ్చిపోయినా రెండోది నడుస్తుంది. ఇంకేం, రెండు కాపీలున్నాయి, భయం లేదనుకున్నాం. అక్కడే తప్పు చేశాం.

ఆ రాత్రి వాన, ఉరుములు. కరెంటు పోవడం రావడం, పోవడం రావడం. తెల్లారి చూస్తే డబ్బాకి లైటు లేదు. అడాప్టర్ పోయిందేమోనని అదే వోల్టు, అదే ఆంపియర్ది ఇంకోటి పెట్టి చూశాం. అయినా లేవలేదు. విశాఖ తీసుకెళ్ళి ఒక రిపేరు షాపులో చూపించాం. "బోర్డు పోయింది. డిస్కులు ఫార్మాట్ కొట్టిచ్చేస్తా, వేరే డబ్బాలో వేసుకోండి" అన్నాడాయన.

మాలో ఒకడు "సరే సార్" అనేశాడు కూడా. వాణ్ణి తిట్టలేం. మన ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మనమే మొదలు. తెలిసినట్టు గట్టిగా ఎవరు మాట్లాడినా తల ఊపేస్తాం. ఆపింది మాలో అందరికంటే తక్కువ మాట్లాడేవాడు. "ఫార్మాట్ వద్దు, మా అవ్వ ఉంది అందులో" అన్నాడు. వాళ్ళ అవ్వ మొన్న ఇటుకల పండగకి ముందే పోయింది. ఆమె పాట రికార్డు చేసిన ఫోను గెడ్డలో పడిపోయింది. ఇక ఆ గొంతు ఎక్కడైనా ఉందంటే ఆ రెండు డిస్కుల్లోనే. షాపాయన ఇంకేం అనలేదు. డిస్కులు తువ్వాల్లో చుట్టుకుని, ఒడిలో పెట్టుకుని కిరండోల్ పాసింజర్లో వెనక్కి వచ్చేశాం.

చదువైపోయి బయట ఉద్యోగం చేస్తున్న సీనియర్ అన్నకి ఫోన్ చేశాం. ఆయన చెప్పిన మొదటి మాట: "డబ్బా పోతే డబ్బానే పోయింది. సరుకు డిస్కుల్లో ఉంది. కంగారు పడి దేనికీ ఓకే కొట్టకండి." తర్వాత వరసగా చెప్పాడు. మీకూ అవసరం పడొచ్చని రాస్తున్నాం.

ఒకటి. డిస్కులు తీసే ముందే ఏది 1వ అరలోది, ఏది 2వ అరలోదో స్కెచ్ పెన్నుతో దాని మీదే రాయాలి. పెట్టేటప్పుడు అదే వరస.

రెండు. వాటిని విండోస్ కంప్యూటర్‌కి పెట్టకూడదు. ఇలాంటి డబ్బాలు చాలావరకు లినక్స్ పద్ధతిలో రాస్తాయి. విండోస్‌కి ఆ రాత అర్థం కాక "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది. ఎస్ అంటే అంతే సంగతులు.

మూడు. మార్చే ముందు కాపీ తీయాలి. ఒక తమ్ముడి లాప్‌టాప్‌ని పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌తో లేపాం. డిస్కుకి వేరే కరెంటు కావాలి కాబట్టి అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ కేబుల్ అద్దెకి తెచ్చాం. 1వ డిస్కు ఒక్కటే తగిలించి, చదవడానికి మాత్రమే తెరిచాం, అందులో ఏమీ రాయకుండా. 2వ డిస్కు పెట్టెలో తాళం వేసి ఉంచాం, విత్తనాల చోళ్ళు దాచినట్టు.

రాత్రి పదకొండుకి ఫోల్డర్లు ఒక్కొక్కటే కనిపించాయి. ఎవరం అరవలేదు. వాడే అవ్వ ఫైలు వెతికి నొక్కాడు. ముందు కోడి కూత, తర్వాత ఎవరో పిల్లాడు దగ్గడం, తర్వాత ఆమె. వాడు గోడవైపు తిరిగి కూర్చుని పాటంతా విన్నాడు. తెల్లవార్లూ కూర్చుని అన్నీ బయటి డ్రైవ్‌లోకి ఎక్కించాం.

నాలుగు. అదే కంపెనీ డబ్బా వెతకాలి. పాత మోడల్ డిస్కులు ఆ కొత్త మోడల్లో నడుస్తాయో లేదో కంపెనీవాళ్ళ జాబితాలో చూసుకున్నాకే కొనాలి. రెండు నెలలు మెస్‌లో టిఫిన్ మాని ఇంకో సెకండ్ హ్యాండ్‌ది కొన్నాం. కరెంటు తీసి, అదే వరసలో డిస్కులు పెట్టి లేపితే రెండు దారులు చూపించింది. ఒకటి, పాతవి ఉంచుకుని మార్చుకోవడం. రెండోది, అన్నీ చెరిపేసి కొత్తగా మొదలుపెట్టడం. ఇద్దరం పైకి చదివి, మూడోవాడు సరే అన్నాక మొదటిది నొక్కాం. అరగంటకి మా పేర్లు, పాస్‌వర్డులతో సహా పాత డబ్బా లేచి కూర్చుంది.

అన్నీ వచ్చాయా అంటే, రాలేదు. కరెంటు పోయిన రాత్రి ఎక్కుతున్న ఫైలు ఒకటి సున్నా బైట్లుగా మిగిలింది. రెండు డిస్కుల్లోనూ అదే సున్నా. ముంచింగిపుట్టు వైపు ఒక తాత చెప్పిన కథ అది. మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కోసం జోలాపుట్టు దగ్గర నీళ్ళు ఆపినప్పుడు వాళ్ళ ఊరు మునిగిపోయింది. అప్పుడాయన చిన్న పిల్లాడు. 1955లో అక్కడ కరెంటు తయారీ మొదలైంది. ఆ కరెంటు కోసం ఊరు పోయింది, మళ్ళీ కరెంటు వల్లే ఆ ఊరి కథ కూడా పోయింది. మాకు తల తీసేసినట్టయింది.

దసరా సెలవులకి మళ్ళీ వెళ్ళాం. సిగ్గుపడుతూనే జరిగింది చెప్పాం. తాత నవ్వి, "మళ్ళీ చెప్తాలే బాబూ. ఈసారి డబ్బాకే కాదు, మీరూ వినండి" అన్నాడు. నిజమే, మొదటిసారి రికార్డు అవుతోందా లేదా అని ఫోనే చూశాం, ఆయన మొహం చూడలేదు. ఈసారి చూశాం. మునిగిపోయిన చింతచెట్టు గురించి మొదటిసారి చెప్పలేదు, ఈసారి చెప్పాడు.

మాకు అర్థమైంది ఇది. ఒకే డబ్బాలో రెండు డిస్కులంటే ఒకే ఇంట్లో రెండు గాదెలు. ఇల్లు అంటుకుంటే రెండూ పోతాయి. అందుకే మన పెద్దలు విత్తనం ఒక్క ఇంట్లోనే ఉంచరు, పక్కూరి చుట్టాలకీ ఇస్తారు. ఇప్పుడు మావి మూడు చోట్ల ఉన్నాయి: హాస్టల్ డబ్బాలో, పాడేరులో ఒక అక్క దగ్గర బయటి డ్రైవ్‌లో, పాడినవాళ్ళ ఇంట్లో మెమరీ కార్డులో. నెలకోసారి ఏదో ఒక పాట తెరిచి, మోగుతోందో లేదో వింటున్నాం.

మీ ఊరి పాట ఈ రోజు ఎన్నిచోట్ల ఉంది? ఒక్క ఫోన్లోనే ఉంటే ఈ ఆదివారమే ఇంకో ఇద్దరికి ఇవ్వండి. డిస్కులు ఎలా తీయాలో తెలియకపోతే మమ్మల్ని అడగండి, వస్తాం.

జోహార్.