మిగిలిన మాయ

పాప పుట్టిన పదిహేనో నాటి రాత్రి నా చీర మళ్ళీ తడిసింది. నాలుగు రోజులుగా తగ్గుముఖం పట్టిన రక్తస్రావం గడ్డలు గడ్డలుగా తిరగబెట్టింది. ఒళ్ళు వెచ్చబడింది. "పచ్చి బాలింతవు, ఇవన్నీ మామూలేనే" అన్నది అమ్మ. పాలు సరిగా పడని నేరాన్ని అప్పటికే నా పథ్యం మీదికి తోసేశారు.

వసారాలో మంచం మీద పడుకున్న అమ్మమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "మాయ మొత్తం పడిందిటే?"

ఇది 2007 నాటి మాట. మావిని మా ఇంట్లో మాయ అనే అంటారు. బిడ్డను తనివితీరా చూసుకున్నాను గాని, మాయ సంగతి నాకేం తెలుసు? దాదాపు అరకిలో బరువుండే ఆ అవయవం సాధారణంగా బిడ్డ వెనుకే, అరగంటలోపు వచ్చేస్తుంది. దాన్ని పళ్ళెంలో పరచి, ఎక్కడైనా తునక లోపించిందేమో చూడాలి. చిన్న ముక్క నిలిచినా గర్భసంచి పూర్తిగా ముడుచుకోదు, నెత్తురు ఆగదు, లోపల చీము పట్టవచ్చు. పాలు పడటం కూడా ఆలస్యం కావచ్చు.

కాన్పు చేసినచోట ఫోనులో "విశ్రాంతి తీసుకోండి" అన్నారు. తెల్లవారగానే మరో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. స్కానింగులో ఒక మచ్చ కనిపించింది. "గడ్డకట్టిన రక్తమూ, మాయ ముక్కా చూడటానికి ఒకేలా ఉంటాయమ్మా" అంటూ ఆవిడ డాప్లర్ పెట్టి చూశారు. మచ్చలోకి రక్తం పారుతోంది. వట్టి గడ్డలోకి పారదు. పారకపోయినంత మాత్రాన ముక్క లేదని కొట్టిపారెయ్యలేమనీ చెప్పారు. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, మత్తిచ్చి, మిగిలినదాన్ని తీశారు. అది మాయేనని చివరకు తేల్చింది సూక్ష్మదర్శిని.

మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌కు 1797లో ఇలాగే మాయ నిలిచిపోయింది. వైద్యుడు చేత్తో ముక్కలుగా తీశాడు. పదకొండు రోజులకు ఆమె జ్వరంతో పోయింది. తల్లిని ఎరగని ఆ పసికందే పెరిగి 'ఫ్రాంకెన్‌స్టైన్' రాసింది. ఆ సంగతి చదివిన రోజున పాపను చాలాసేపు దింపలేదు.

ఇంటికి వచ్చాక అమ్మమ్మను అడిగాను, నీకెలా తోచిందని.

"మా చెల్లి మూడోవారంలో పోయింది. దిష్టి అన్నారు" అన్నది. అంతకు మించి చెప్పలేదు.

తగ్గిన నెత్తురు తిరగబెట్టినా, జ్వరం వచ్చినా, వాసన మారినా మామూలేననకండి. అమ్మమ్మ అడిగిన ఆ ప్రశ్నే అడగండి. చెల్లెలికోసం ఎవరూ అడగని ప్రశ్నను ఆవిడ అన్నేళ్ళు దాచి, నాకోసం అడిగింది.