వంతెన దాటితే ఆర్నెల్లు!

నయాగరా అనగానే సినిమా ప్రియులకి ముందు గుర్తొచ్చేది మార్లిన్ మన్రో. 1953లో వచ్చిన ‘నయాగరా’ చిత్రంలో దర్శకుడు హెన్రీ హాతవే ఆవిణ్ణి జలపాతంతో పోటీకి నిలబెట్టాడు. ఎవరు గెలిచారన్నది చూసినవాళ్ళ ఇష్టం! అందులో హత్య జరిగే గంటల గోపురం కల్పితం కాదు సుమండీ. రెయిన్‌బో వంతెనకి కెనడా కొసన ఇప్పటికీ ఉంది.

1941లో తెరిచిన వంతెన అది. ఇటు అమెరికా, అటు కెనడా. నడిస్తే పది నిమిషాలు. మధ్యలో సరిహద్దు పలక దగ్గర ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి ఫోటో దిగనివాళ్ళు అరుదు.

అమెరికా వైపు గోట్ ఐలండ్ అంచున నిలబడితే నీళ్ళు మన పక్కనుంచే దూకుతున్నట్టుంటుంది. తుంపరకి కళ్ళజోడు తుడుచుకోవడంతోనే సరిపోతుంది. కానీ గుర్రపు లాడం ఆకారంలో ఉన్న ఆ 57 మీటర్ల జలపాతాన్ని ఎదురుగా చూడాలంటే కెనడా ఒడ్డే! అమెరికా పడవలో నీలం రెయిన్‌కోట్లు, కెనడా పడవలో ఎర్రవి. పైనుంచి చూస్తే రెండు పార్టీల ఊరేగింపులు ఎదురుపడ్డట్టుంటుంది.

రెయిలింగు దగ్గర తెలుగు వినబడింది. కూతురి పురిటికొచ్చిన అత్తగారికి అల్లుడు ధైర్యం చెబుతున్నాడు.

“మీ గడువు ఇంక పన్నెండు రోజులే అత్తయ్యగారూ. ఆ వంతెన దాటి రెండ్రోజులుండి వచ్చేద్దాం. మళ్ళీ ఆర్నెల్లు ఇస్తారు!”

“అయితే పసిదాని అన్నప్రాశన చూసి వెళ్ళొచ్చన్నమాట!” ఆవిడ మొహం వెలిగిపోయింది.

ఈ మాట అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో తరచూ వినిపించేదే. పాస్‌పోర్టులో వీసా పదేళ్ళకుండొచ్చు. అది గుమ్మం దాకా రానిచ్చే చీటీ మాత్రమే. లోపల ఎన్నాళ్ళుండాలో చెప్పేది ఐ-94. విజిటర్లకి మామూలుగా ఆర్నెల్లు రాస్తారు. 2013 నుంచి విమానంలో వచ్చేవాళ్ళకి కాగితం ఇవ్వడం మాని కంప్యూటర్లో పెట్టారు గనక, పెద్దవాళ్ళు చాలామంది ఆ తేదీ చూసుకోనే చూసుకోరు.

కెనడాకో మెక్సికోకో ముప్ఫై రోజుల్లోపు వెళ్ళొస్తే సాధారణంగా పాత ఐ-94 మీదే, పాత తేదీతోనే రానిస్తారు. కొత్త గడువు ఇవ్వడం, ఇవ్వకపోవడం బల్ల అవతలి అధికారి చేతిలో ఉంది. ‘ఈవిడ ఇక్కడే కాపురం పెట్టేట్టుందే’ అని అనుమానం వస్తే అసలు రానివ్వకపోనూవచ్చు! పైగా మన పాస్‌పోర్టుకి కెనడా వీసా వేరే కావాలి.

నిజంగా ఉండాల్సిన పని ఉంటే, గడువు తీరకముందే ఐ-539 ఫారం పెట్టి, కారణం చెప్పి పొడిగింపు అడగొచ్చు. అడక్కుండా ఉండిపోతే ఒక్కరోజు దాటినా ఆ పదేళ్ళ వీసా చెల్లదు. 180 రోజులు దాటాక వెళితే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు తలుపు మూసేస్తారు. మనవరాలి అన్నప్రాశనకి ఉండిపోయి, అక్షరాభ్యాసానికి రాలేకపోవడమన్నమాట!

ఊరుకోలేక చెప్పేశాను. అల్లుడు ఫోను తీసి తేదీ సరిచూసుకుని, “రాత్రికే ఫారం నింపేద్దాం” అన్నాడు.

“అటువైపు నుంచి చూడ్డం ఈసారికి లేనట్టేనా బాబూ?” అందావిడ.

చీకటి పడ్డాక జలపాతం మీద రంగుల దీపాలు వేస్తారు. అవి ఇటునుంచీ కనిపిస్తాయి. పెద్దవాళ్ళని తీసికెళ్ళేవాళ్ళు శాలువా మాత్రం మరిచిపోకండి, చలి ఎక్కువ!