డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం

ఆఫీసు మీటింగులో ఉండగా నాన్న నుంచి వరసగా మూడు మిస్డ్ కాల్స్. నాన్న పగటిపూట నాకు ఫోన్ చేయరు. "వాడు పనిలో ఉంటాడు" అని అమ్మను కూడా చేయనివ్వరు. కంగారుగా బయటికొచ్చి చేస్తే, అటు నుంచి లారీల హారన్ల మధ్య ఒకే ప్రశ్న.

"ఒరేయ్, పసుపు రంగులో ఇంజిన్ బొమ్మ వెలిగింది. బండి లాగట్లేదు. నువ్వు కంప్యూటర్లు చదివావు కదా, ఏంట్రా అది?"

బండి కొని అప్పటికి నాలుగు నెలలు. ఆరు టైర్ల కొత్త లారీ. నాన్న ముప్పై ఏళ్లుగా రావులపాలెం నుంచి అరటి గెలలు ఒడిశా తోలుతున్నారు. పాత లారీ 2006 మోడల్. దాని జబ్బులన్నీ ఆయనకు కంఠతా. చప్పుడు విని పంపు పోయిందో, బేరింగు పోయిందో చెప్పేవారు. దాన్ని అమ్మేసి, నేను దాచుకున్న 5 లక్షలు ముందు కట్టి (నా పెళ్లికని అమ్మ అనుకుంటున్న డబ్బులవి), మిగతాది లోను తీసుకున్నాం. నెలకు 46 వేలు వాయిదా. దసరాకి అన్నవరం కొండ కింద పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ పసుపు దీపం మొదటిసారి వెలిగింది కూడా అన్నవరం దాటాకే. స్వామివారు వెంటనే చూపించేశారని నాన్న ఇప్పటికీ అంటారు.

స్పీడు 40 దాటడం లేదు. వెనక బరంపురం షావుకారుకి చేరాల్సిన గెలలు. పచ్చి గెలలైనా పట్టా కింద వేడికి ఒక రోజు ఎక్కువ ఉంటే రంగు తిరిగిపోతాయి. పాకుతూ పాకుతూ చేరేసరికి లోపలి వరసలు పండిపోయాయి. షావుకారు కిరాయిలో 9 వేలు కోసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బండి సర్వీస్ సెంటర్‌లో పెట్టారు. ఏ ఊళ్లో, ఏ కంపెనీ అని వద్దులెండి. వాళ్లు ల్యాప్‌టాప్ తగిలించి, పొగగొట్టం దగ్గరుండే నాక్స్ సెన్సార్ పోయిందన్నారు. నాన్న నాకు ఫోన్ చేసి, "అదేం చేస్తుందిరా?" అన్నారు.

ఈసారి చదివి చెప్పాను. 2020 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే బండ్లన్నీ బీఎస్-6 ప్రమాణాలకు తగ్గట్టుండాలి. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి నీలం మూత ఉన్న ట్యాంకులో యూరియా కలిపిన నీళ్లు పోస్తాం కదా, అది పొగలోకి చిమ్ముతుంది. పని సరిగ్గా జరిగిందా లేదా అని సెన్సార్ చూసి కంప్యూటర్‌కి చెబుతుంది. సెన్సార్ చెప్పేది నమ్మేలా లేకపోతే కంప్యూటర్ హెచ్చరిస్తుంది, అప్పటికీ బాగుచేయకపోతే ఇంజిన్ బలం తగ్గించేస్తుంది. పొగ వదులుకుంటూ బండి తిరగకూడదని అలా పెట్టారు.

నాన్న అంతా విన్నారు. "అంటే థర్మామీటర్ పాడైతే మనిషిని మంచాన పడేశారన్నమాట" అన్నారు.

ఇంజినీరింగ్ చదివిన నా దగ్గర దానికి జవాబు లేదు. ఆ నిబంధన తప్పని నేననను, మా ఊరి పిల్లలు పీల్చేదీ ఆ గాలే. కానీ అలాంటి నిబంధన పెట్టినప్పుడు సెన్సార్ రెండు రోజుల్లో దొరకాలి కదా! మాకు 17 రోజులు పట్టింది. స్టాక్ లేదన్నారు. ఫొటోలు పంపాలి, పైనుంచి అప్రూవల్ రావాలన్నారు. వారంటీలో ఉంది కాబట్టి పైసా కట్టక్కర్లేదని మాత్రం ప్రతిసారీ మర్యాదగా చెప్పారు. పైసా కట్టలేదు, నిజమే. ఆ 17 రోజుల్లో వాయిదా తేదీ వచ్చింది, క్లీనర్ జీతం వచ్చింది, కిరాయి మాత్రం రాలేదు. వారంటీ బండికి ఇచ్చారు గానీ, బండి ఆగిన రోజులకు ఎవరూ ఇవ్వలేదు.

సెన్సార్ మార్చిన ఆరో రోజున మళ్లీ దీపం. ఈసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు. నాలుగు రోజులు. "ఇప్పుడు ఏ ఫాల్టూ చూపించట్లేదు, తీసుకెళ్లండి" అని జాబ్ కార్డు మీద రాసిచ్చారు.

వారంలో మళ్లీ వెలిగింది.

ఆ శనివారం రావులపాలెం వెళ్లాను. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఇంటి ముందు కొత్త బండి. ముప్పై ఏళ్లలో ఆయన్ను పగలు ఖాళీగా కూర్చోగా చూసింది తక్కువ. "నాకు డ్రైవింగ్ వచ్చు గానీ, ఈ బండి రాదురా" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

అన్నం తిన్నాక తన చిట్టా పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. డీజిల్, టోల్, రాయకూడని కొన్ని ఖర్చులు అన్నీ అందులో రాస్తారు. మధ్యమధ్యలో ఎర్ర ఇంకుతో దీపం వెలిగిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, చోటు రాసి ఉన్నాయి. మొత్తం పద్నాలుగు. 'గోదారి వంతెన జాయింటు, ఖాళీ.' 'తుని దాటాక గొయ్యి, ఖాళీ.' 'స్పీడ్ బ్రేకరు, లోడు.' 'బస్టాండు ముందు గతుకు, ఖాళీ.'

పద్నాలుగింట్లో పదకొండు ఖాళీ బండే. లోడు లేని లారీ గతుకుల్లో ఎంత ఎగురుతుందో వెనక ఎక్కినవాళ్లకి తెలుసు. సర్వీస్ సెంటర్‌లో బండి కదలకుండా నిలబడి ఉంటుంది. అక్కడ ఫాల్ట్ ఎందుకు కనిపిస్తుంది?

"ఇది వాళ్లకి చూపించలేదా?" అన్నాను. "చూపించాను. ల్యాప్‌టాప్‌లో రావాలండి అన్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వారమే ఒక కస్టమర్ ఫిర్యాదును 'మా దగ్గర రావడం లేదు' అని రాసి నేనే మూసేశాను. ఆయన పాపం వివరంగా, ఏ టైములో ఏం చేస్తే వస్తోందో రాశారు. సగమే చదివాను. సోమవారం మళ్లీ తెరిచి చూస్తే తప్పు మా కోడ్‌లోనే ఉంది.

సాయంత్రం నాన్న స్నేహితుడు, మా ఊరి ఎలక్ట్రీషియన్ వచ్చారు. లారీ కింద పడుకుని టార్చి వేసి చూసి, "బావా, వైర్ల కట్ట ఇక్కడ క్లాంపుకి రాసుకుంటోంది. పైతొడుగు అరిగిపోయింది చూడు" అన్నారు. చుట్టేయండి మరి అన్నాను. "పది నిమిషాల పనే బాబూ. కానీ నా టేపు కనబడితే వాళ్లు వారంటీ లేదంటారు, ఆయ్. నేను ముట్టుకోను." పాతికేళ్లు ఆ చేతులతో బండ్లు నడిపించిన మనిషి, ఫొటో మాత్రం తీసి లేచారు.

ఆ రాత్రి నాన్న పద్నాలుగు ఎంట్రీలూ పట్టికలో పెట్టి, ఫొటో జతచేసి, కంపెనీ ప్రాంతీయ కార్యాలయానికి మెయిల్ పంపాను. సొంతంగా బండి తోలుకుని బతికేవాళ్లు కూడా వినియోగదారులేనని, 2019 చట్టంలో వ్యాపారానికి కొన్న వస్తువుల మినహాయింపు స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారికి వర్తించదని ఒక వాక్యం చేర్చాను. చాలామంది లారీవాళ్లకి ఈ సంగతి తెలీదు, 1915కి ఫోన్ చేయొచ్చనీ తెలీదు.

నాలుగో రోజున వాళ్ల ఇంజినీరు వచ్చారు. నా వయసే ఉంటుంది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఖాళీ బండిలో నాన్న పక్కన కూర్చున్నారు. వంతెన జాయింటు దాటగానే దీపం వెలిగింది. ఆయన నాన్న వైపు చూసి, "మీ పుస్తకం ఒకసారి ఇస్తారా అండీ?" అని అడిగారట. ఈ ముక్క నాన్న ఊళ్లో అందరికీ చెప్పారు.

వైర్ల కట్ట తెప్పించి మార్చడానికి ఇంకో 20 రోజులు. అన్నీ కలిపి 41. ఆ 41 రోజులూ వారంటీకి కలపమని అడిగాం. పరిశీలనలో ఉందన్నారు. నెలకోసారి గుర్తుచేస్తున్నాను.

ఇప్పుడు నాన్న పగటిపూట నాకు మెసేజ్ పెడతారు. మీటింగులో ఉన్నా చూస్తాను. ఇవాళ ఇచ్ఛాపురం నుంచి వచ్చింది: "దీపం లేదు. వాన పడుతోంది."