కంటికి దగ్గర, మనసుకు దూరం

మనిషి మనసులోని వేదనను తెరమీద చూపవలసి వచ్చినపుడు సాధారణంగా రెండు మార్గాలు అనుసరిస్తారు. పాత్రచేత నాలుగు మాటలు పలికించడం ఒకటి. కన్నీటితో తడిసిన ముఖాన్ని తెర నిండా చూపడం రెండవది. మూడవ మార్గం కూడా ఒకటి ఉన్నదని మాకు తెలియజెప్పిన చిత్రం, 1964లో సత్యజిత్ రాయ్ రూపొందించిన ‘చారులత’.

రవీంద్రనాథ ఠాగూరు రచన ‘నష్టనీడ్’ దీనికి ఆధారం. కథాకాలం 19వ శతాబ్ది చివరి భాగం, స్థలం కలకత్తా. భూపతి సంపన్నుడు, సజ్జనుడు. తన ఆంగ్ల పత్రిక పనిలో నిమగ్నుడు. ఆయన భార్య చారులతకు విశాలమైన భవనమున్నది, నౌకర్లున్నారు. మనసు విప్పి మాట్లాడుకొనే తోడు మాత్రం లేదు. ఈ సంగతిని ముందుగా చెప్పేది సంభాషణ కాదు, సుబ్రత మిత్ర ఛాయాగ్రహణం.

చిత్రం ప్రారంభంలో చాలాసేపు మాటలు దాదాపు ఉండవు. చారులత చేతిరుమాలుపై అక్షరం కుడుతుంది. పుస్తకం తీసి పెట్టేస్తుంది. పిడిగల చిన్న దుర్భిణి పట్టుకొని ఒక కిటికీ నుంచి మరొక కిటికీకి పరుగెత్తుతూ వీధిన పోయేవారిని చూస్తుంది. కెమెరా ఆమె వెంట నడుస్తుంది. ఆమె చూచినదే మనకూ చూపుతుంది. ఇంతలో భర్త పుస్తకం చదువుకొంటూ ఆమె ప్రక్కనుండే సాగిపోతాడు. ఆమె ఉనికినే గమనించడు. అపుడామె అదే దుర్భిణిని ఆయన వైపు త్రిప్పి చూస్తుంది! చేయి క్రిందికి దించగానే కెమెరా చటుక్కున వెనుకకు జరిగిపోతుంది. ఆ పెద్ద వసారాలో ఆమె ఒంటరిగా మిగులుతుంది. వీధిన పోయే అపరిచితునికీ కట్టుకొన్న భర్తకూ మధ్య భేదం లేకపోయిన విషాదం ఒక్క మాటైనా లేకుండానే మన గుండెకు తగులుతుంది.

దీనినిబట్టి మాకు తోచినదేమంటే, మనసు కేవలం ముఖంలోనే ఉండదు. మనిషికీ మనిషికీ నడుమ ఉన్న దూరంలో కూడా ఉంటుంది. ఆ దూరాన్ని కొలిచే సాధనమే కెమెరా. తోటలో ఉయ్యాల ఊగే ఘట్టంలో కెమెరా కూడా ఆమెతో పాటే ఊగుతుంది. ముఖం తెరపై నిలుకడగా ఉంటుంది. వెనుకనున్న లోకం ఊగిసలాడుతుంది. చివరకు దంపతులు ఒకరి వైపు ఒకరు చేతులు చాచినపుడు, ఆ చేతులు కలియక ముందే చిత్రం నిశ్చలమైపోతుంది. మిగిలిన ఆ కొద్ది దూరమే కథకు ముగింపు.

ఈ చిత్రం చూచిన రాత్రి వసతి గృహంలో మా మిత్రుడొకడు, “ఇందులో ఏమీ జరగలేదు కదా!” అన్నాడు. ఆ మాటపై మేము చాలాసేపు వాదించుకొన్నాము. నిజమే, మా ఇండ్లలోనూ మధ్యాహ్నవేళ ఏమీ జరగదు. మగవారు పనులకు, పిల్లలు చదువులకు వెళ్ళిన తరువాత పరదా కొంచెం ప్రక్కకు జరిపి వీధిని చూచే అమ్మలు, అక్కలు, వదినెలు ఎందరు! ఆ చూపు వెనుక ఏమున్నదో వ్రాసే కలం అరుదు. చూపే కెమెరా మరీ అరుదు.

చదువు మా చేతికి పుస్తకాన్ని ఇచ్చింది. సెలవులకు ఇంటికి పోయి, ఆ పుస్తకం చదువుకొంటూ వసారాలో అటూ ఇటూ నడిచేటపుడు ఒక్కసారి తలయెత్తి చూడాలి. ఎవరి చూపు మా వెన్నంటి వస్తున్నదో!